రెండుసార్లు పెద్దమనిషి

(ఒక కాలనీ గ్రంథాలయంలో పెద్దలూ వాళ్ళ పిల్లలూ కలిసి కూర్చున్న సాయంత్రం ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాప ఖాళీగానే ఉంది. చాప మీద చిన్నవాళ్ళు, కుర్చీల్లో పెద్దవాళ్ళు. ఇలా కూర్చోమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కమిటీవాళ్ళేమీ తీర్మానం చెయ్యలేదు. చాప కనబడగానే నల్లజుట్టువాళ్ళు దాని మీదికెళ్ళారు, తెల్లజుట్టువాళ్ళు కుర్చీలు వెతుక్కున్నారు. ఇందాక ఒకావిడ చాప వైపు వెళ్ళబోతుంటే పక్కనున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని "నువ్వు పైన కూర్చో అమ్మా" అంది. తప్పు పట్టడం లేదు తల్లీ. ప్రేమే అది. ఇవాళ మాట్లాడబోయేది ఆ ప్రేమ గురించే.

మన భాషలో ఒక తమాషా ఉంది. ముందూ వెనకా ఏ మాటా చేర్చకుండా వట్టి "వయసు" అంటే ఏంటి? పడుచుదనం. "వయసులో ఉన్నప్పుడు" అంటే ఏ వయసులో అని ఎవరూ అడగరు. తరవాత ఏమంటాం? "వయసు మళ్ళింది", "వయసైపోయింది." అయిపోయిందట! మనిషి ఎదురుగానే ఉన్నాడు, వయసు మాత్రం అయిపోయింది.

ఇంకో మాట చూడండి, "పెద్దమనిషి". పన్నెండేళ్ళ పిల్ల సమర్తాడితే పెద్దమనిషి అయిందంటాం. అరవై దాటినవాళ్ళనీ పెద్దమనిషి అంటాం. అంటే ఆడవాళ్ళు ఒక జన్మలో రెండుసార్లు పెద్దమనుషులవుతారు. రెండుసార్లూ మనం చెప్పే మాట ఒకటే, గమనించారా? "ఇక ఆ గెంతులు మాని కుదురుగా కూర్చో." పన్నెండేళ్ళప్పుడు గోడలెక్కడం, తొక్కుడుబిళ్ళ, పరుగులు మానెయ్యాలి. అరవై దాటాక మెట్లెక్కడం, బిందె ఎత్తడం, ఎర్రచీర మానెయ్యాలి. కూర్చో, కూర్చో, కూర్చో. ఈ కూర్చోవడం కాళ్ళకి ఏం చేస్తుంది? అదే చెప్తాను.

దానికి ముందు ఒక్క సంగతి. ఈ గీత ఎక్కడ గీశారు? ఎంత వయసొస్తే పని మాని కూర్చోవాలి? మన దగ్గర రిటైర్మెంటు వయసు చూడండి. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 58 నుంచి 55కి తగ్గించింది. ఏడాదిన్నర తిరిగేసరికి మళ్ళీ 58. రాష్ట్రం విడిపోయాక 2014లో ఆంధ్రలో 60. తెలంగాణలో 2021లో 61. 2022లో ఆంధ్రలో 62. ఈ జీవోలు వచ్చినప్పుడల్లా మన మోకాళ్ళేమైనా మారాయా? ఆ 1983లో యాభై అయిదేళ్ళాయన పొద్దున్న లేచేసరికి పెద్దాయనైపోయాడు. ఖజానా లెక్కలు చూసి గీసిన గీతని మనం ఒంట్లోకి దించేసుకుంటాం, గొడవంతా అక్కడే.

షష్టిపూర్తి సంగతి ఇంకా బాగుంటుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు తిరిగి, మనం పుట్టిన ఏడాది పేరు మళ్ళీ వస్తుంది. లెక్క మళ్ళీ మొదటికి వచ్చిందన్నమాట. అందుకే ఆ దంపతులకి మళ్ళీ పెళ్ళి చేస్తాం. పట్టుచీర, పూలజడ, దండలు, తలంబ్రాలు. ఆ ఫొటోలు గోడకి తగిలిస్తాం. మరుసటి వారం ఆవిడే కాస్త ముదురురంగు చీర కట్టి తలలో మూర మల్లెపూలు పెట్టుకుంటే? "ముసలోడికి దసరా పండగ" అని ఎవరో ఒకరు అననే అంటారు. నవ్వుతున్నారు. అన్నవాళ్ళు ఇక్కడే ఉన్నారేమో!

సరే, కాళ్ళ సంగతికొద్దాం.

కండ ముప్ఫయ్యో ఏడు దాటిన దగ్గర్నుంచీ తగ్గుతూ వస్తుంది. పదేళ్ళకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతులు. అరవై దాటాక ఇంకొంచెం వేగంగా. ఇందులో కొంత వయసు చేసే పని, కాదనను. మిగతాది కుర్చీ చేసే పని. ఎలా తెలుసు? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పరిశోధన కోసం పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ళకి జబ్బేమీ లేదు, ఊరికే పడుకున్నారు. పది రోజుల్లో కాళ్ళలోంచి దాదాపు కిలో కండ పోయింది. పది రోజులే! జ్వరం వచ్చి తగ్గాక "ఇంకో నెల రెస్టు తీసుకోండి నాన్నా" అంటాం చూడండి, ఆ నెలలో ఎంత పోతుందో లెక్కేసుకోండి. నెల తరవాత ఆయన లేవబోతే కాళ్ళు వణుకుతాయి. "చూశారా, వయసైపోయింది" అంటాం. వయసు కాదండీ, మనం ఇచ్చిన రెస్టు.

పోయింది తిరిగి వస్తుందా? వస్తుంది. పేపర్లో తొంభయ్యేళ్ళ వీరుల కథలు వస్తుంటాయి. హర్యానా ఆవిడ భగవానీదేవి 2022లో ఫిన్లండులో 94 ఏళ్ళ వయసులో వంద మీటర్లు పరిగెత్తి బంగారు పతకం తెచ్చింది. గొప్ప విషయం. అయినా ఇలాంటివాళ్ళని చూపించి మిమ్మల్ని సిగ్గుపడమనడం నాకిష్టం లేదు. "అబ్బో, ఆవిడేదో దైవాంశ సంభూతురాలు" అని దండం పెట్టి మనం మళ్ళీ కుర్చీలో కూర్చుంటాం. అందుకని మామూలు మనుషుల లెక్క చెప్తాను. 1990లో అమెరికాలో బోస్టన్ నగరంలో ఒక వృద్ధాశ్రమం లాంటి చోట 86 నుంచి 96 ఏళ్ళవాళ్ళు పదిమందితో కాళ్ళకి బరువు కట్టించి వ్యాయామం చేయించారు. బక్కచిక్కిన మనుషులు, ఒంటినిండా జబ్బులు. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. తొమ్మిదిమంది పూర్తి చేశారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటిందన్నమాట! తొంభయ్యేళ్ళకి! ఒక్క మాట గుర్తుంచుకోండి, అది ఉత్తుత్తి చేతులూపే వ్యాయామం కాదు. వాళ్ళు ఎత్తగలిగినదాంట్లో నూటికి ఎనభై వంతుల బరువు ఎత్తించారు, పక్కన మనిషిని పెట్టి. పార్కులో మనం చప్పట్లు కొట్టి నవ్వుతాం కదా, మంచిదే, నవ్వండి. దాంతో తొడలో కండ మాత్రం రాదు.

ఇప్పుడు ఒక పరీక్ష. ఇంటికెళ్ళి చెయ్యండి, ఈ ప్లాస్టిక్ కుర్చీల మీద వద్దు, జారతాయి. చేతుల్లేని చెక్క కుర్చీ, సీటు ఎత్తు 17 అంగుళాలు. వీపు గోడకి ఆనించి పెట్టాలి. కుర్చీ వీపు అమ్మా, మీ వీపు కాదు. మధ్యలో కూర్చుని, పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకోండి. పక్కన ఒకరు గడియారంతో ఉండాలి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి పూర్తిగా కూర్చున్నారో లెక్కపెట్టాలి. సగం లేస్తే లెక్కలోకి రాదు. చేత్తో తొడ మీద నొక్కితే సున్నా. 65 నుంచి 69 మధ్య మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 11 చెయ్యాలి. 70 నుంచి 74 మధ్య మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 10. 80 నుంచి 84 మధ్య మగవాళ్ళు 10, ఆడవాళ్ళు 9. అంతకన్నా తక్కువొస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. భయపడమని కాదు చెప్పేది, మొదలుపెట్టమని.

ఏం మొదలుపెట్టాలి? ఈ పరీక్షే మందు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి రెండు వారాలు ఎనిమిది సార్లు, ఒక్క విడతే. తరవాత రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. పన్నెండు సార్లు తేలిగ్గా వస్తోందంటే చేతికో లీటరు నీళ్ళసీసా పట్టుకోండి. రెండు చేతుల్లో కలిపి రెండు కిలోలు. లేవలేనివాళ్ళు సీటు మీద గట్టి దిండు వేసుకుని ఎత్తు పెంచుకోండి, వారం వారం దిండు మందం తగ్గించండి.

ఎక్కడ తప్పు జరుగుతుంది? మూడు చోట్ల. ఒకటి, ఊపిరి బిగబట్టి ముక్కుతూ లేస్తారు, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలండి. కుదరకపోతే గట్టిగా "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేరు. రెండోది, పాదాలు ముందుకు చాపి లేవబోతారు. మడమలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి ఉండాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి, అప్పుడే బరువు కాళ్ళ మీదికొస్తుంది. మూడోది అందరూ చేసేదే, దబ్బున కూలబడడం. కూర్చునేటప్పుడు మెల్లగా, మూడు లెక్కపెడుతూ దిగండి. కండకి అసలు పని దిగేటప్పుడే.

ఇక తూకం, అదే నిలకడ. వంటగట్టు మూల దగ్గర నిలబడండి, రెండు వైపులా పట్టు దొరుకుతుంది. ముందు పాదాలు రెండూ కలిపి పది సెకన్లు. తరవాత ఒక పాదం సగం ముందుకు. తరవాత ఒక మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా, తాడు మీద నడిచేవాళ్ళలాగా. ఇలా పది సెకన్లు నిలబడలేకపోతే తూకం దెబ్బతిందని లెక్క. చివరికి ఒంటికాలు. చేతులు గట్టుకి అంగుళం పైన ఉంచండి, తూలితే పట్టుకోవడానికి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చెయ్యండి. పప్పు ఉడికేలోపు అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 65 దాటినవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి పని, రెండు రోజులు కండబలానికి, మూడు రోజులు తూకానికి కావాలి. మన పెద్దవాళ్ళు నడక ఒక్కటే చేసి "మేం చేస్తున్నాంగా" అంటారు. నడక గుండెకి మంచిది. పడిపోకుండా కాపాడేది మాత్రం మిగతా రెండూ.

ఎవరు వెంటనే మొదలుపెట్టకూడదు? ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, తుంటి, మోకాలు ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరుని అడిగాకే. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే అక్కడితో ఆపాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చెయ్యకండి. బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు వాడేవాళ్ళకి లేవగానే బీపీ పడిపోవచ్చు. పొద్దున్న మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, చీలమండలు పదిసార్లు ఆడించి, అప్పుడు లేవండి.

ఇప్పుడు మోకాళ్ళ గురించి అడుగుతారని తెలుసు. "అరిగిపోయాయి, కదిలితే ఇంకా అరుగుతాయి." ఇది మన రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో వినబడే మాట. మోకాలేమీ చెప్పుల అట్ట కాదండీ, అరిగినకొద్దీ పారెయ్యడానికి. దాని చుట్టూ కండ ఉంటుంది. తొడ ముందు కండ బలంగా ఉంటే మోకాలి మీద పడే భారం కొంత అది మోస్తుంది. మోకాలి అరుగుడుకి మొట్టమొదటి వైద్యమే వ్యాయామం. మరి నొప్పొస్తే? కొంచెం నొప్పి ఉండి, మర్నాటికి మామూలుకొస్తే పర్వాలేదు, కొనసాగించండి. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే, వాపొస్తే, సగానికి తగ్గించండి. మానెయ్యమనలేదు, తగ్గించమన్నాను.

నేల మీంచి లేవడం

ఇది విడిగా చెప్పాలి. మన పెద్దవాళ్ళు చాలామంది నేల మీద కూర్చోవడం మానేసి పదేళ్ళయింది. డైనింగు టేబులు వచ్చింది, కమోడు వచ్చింది, గుళ్ళో కూడా కుర్చీలు వచ్చాయి. "ఈ వయసులో కింద కూర్చుంటారా?" అని మర్యాద. ఈ మర్యాద పుణ్యమా అని ఏమవుతుంది? ఒకరోజు బాత్రూంలో జారితే ఎముక విరక్కపోయినా లేవడం రాదు. గంటలు గంటలు తడినేల మీదే ఉండిపోతారు.

అందుకని నేర్చుకోవాలి. మంచం పక్కన చాప వేసుకుని, ఇంట్లో మనిషి ఉండగా చెయ్యండి. వెల్లకిలా ఉన్నవాళ్ళు ముందు పక్కకి తిరగాలి. మోచేయి ఆనించి, రెండో అరచేత్తో నేలని నొక్కి సగం లేవాలి. అక్కణ్ణుంచి మోకాళ్ళ మీదా అరచేతుల మీదా, పసిపిల్లలు పాకినట్టు. అలాగే పాకుతూ మంచం దగ్గరికి. రెండు చేతులూ మంచం మీద పెట్టి, బలంగా ఉన్న కాలు ముందుకు వేసి, పాదం నేలకి ఆనించాలి. చేతులతో, ఆ కాలితో కలిపి నొక్కి లేవాలి. లేచి నడిచెయ్యకూడదు, తిరిగి మంచం మీద కూర్చుని రెండు నిమిషాలు ఆగాలి. దిగడం అంటే ఇదే వరస చివర్నుంచి మొదటికి. భయంగా ఉంటే పీటలు ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, జారతాయి. ముక్కాలి పీట అసలే వద్దు, ఒరుగుతుంది. నాలుగు కాళ్ళ ఎత్తుపీటతో మొదలుపెట్టి, రెండు వారాలకి మామూలు పీటకి, ఆ తరవాత చాపకి రండి. చీర కట్టేవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోండి, పాకేటప్పుడు మోకాలి కింద పడితే అక్కడే పడతారు.

పిల్లలకొక మాట. పెద్దవాళ్ళు పడితే చూడగానే చంకల్లో చేతులేసి లాగెయ్యకండి. భుజం తప్పుతుంది, మీ నడుమూ పడుతుంది. ముందు అడగండి, ఎక్కడ నొప్పి అని. తుంటి దగ్గర నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనబడితే కదపకుండా 108కి ఫోన్ చెయ్యండి. అలా లేకపోతే కుర్చీ తెచ్చి దగ్గర పెట్టి, ఇప్పుడు చెప్పిన వరసలో వాళ్ళనే లేవనివ్వండి. అయిదు నిమిషాలు పట్టినా సరే.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఒక్క లెక్క. కిలో బరువుకి రోజుకో గ్రాము మాంసకృత్తులు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పినంతే. మన పెద్దవాళ్ళ తిండి చూడండి, పొద్దున్న రెండిడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రికి మజ్జిగలో నాలుగు మెతుకులు. "ఈ వయసులో పప్పేం అరుగుతుంది" అంటారు. పెద్దవయసులో మితంగా తినడం ఒక గౌరవంలాగా అయిపోయింది, కోడిగుడ్డు రెండోది అడిగితే చాపల్యం. గుడ్డుకి ఆరు గ్రాములు, గ్లాసు పాలకి ఆరు, గిన్నెడు గట్టి పప్పుకి ఆరో ఏడో. చారన్నంతో అరవై ఎప్పటికొస్తుంది?

ఇక కొడుకులకీ కూతుళ్ళకీ కోడళ్ళకీ. మీరు అమ్మ చేతిలోంచి చీపురు లాక్కుంటారు, నాన్న చేతిలోంచి సంచీ లాక్కుంటారు. బజారు నుంచి రెండు కిలోల కూరగాయల సంచీ మోసుకురావడం ఆయనకి వ్యాయామం, పైగా బజారులో నలుగురితో మాట. లాక్కోకండి. బరువెక్కువైతే రెండు సంచులు చెయ్యండి, రెండు చేతులకీ సమానంగా. నిజంగా సాయం చెయ్యాలనుంటే బాత్రూంలో కమోడు పక్కన గోడకి స్క్రూలతో బిగించిన గట్టి కడ్డీ పెట్టించండి. అతికించేవి కాదు, అవి బరువుకి ఊడొస్తాయి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న దీపం, జారే పట్టాలు తీసెయ్యడం, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఇది సాయం. "నువ్వు కూర్చో" అనేది సాయం కాదు. దాని బదులు ఏమనాలి? "ఏ పని నువ్వు చేస్తావు, ఏది నన్ను చెయ్యమంటావు?" అంతే. ఎంచుకోవడం వాళ్ళకి వదిలెయ్యండి. పెద్దవాళ్ళు కూడా ఒక్కోసారి ఈ "వయసు" మాటున దాక్కుంటారు, ఇష్టంలేని పనికి అది మంచి సాకు. అది వాళ్ళిష్టం, ఒప్పుకుందాం. చెయ్యాలనుకున్నవాళ్ళకి మాత్రం అడ్డుపడకూడదు.

మొదటి పెద్దమనిషి సంగతి మర్చిపోయాననుకోకండి. చాప మీద ఆరో క్లాసు, ఏడో క్లాసు పిల్లలున్నారు. మనిషి ఎముకల్లో జన్మంతా ఉండే ఖనిజంలో దాదాపు పావు వంతు, ఎదుగుదల జోరుగా ఉండే ఒక్క రెండేళ్ళలోనే చేరుతుంది. ఆడపిల్లలకి ఆ జోరు పన్నెండు, పదమూడేళ్ళప్పుడు. ఎముక గట్టిపడాలంటే దాని మీద దెబ్బ పడాలి, అంటే గెంతడం, పరిగెత్తడం, దూకడం. సరిగ్గా ఆ రెండేళ్ళలోనే మనం ఏం చేస్తాం? ఓణీ ఇచ్చి, ఫంక్షను చేసి, "ఇక గంతులు మానెయ్" అంటాం. ఇరవైల చివరికల్లా ఎముక నిండడం ఆగిపోతుంది. ముట్లుడిగాక మొదటి అయిదారేళ్ళు వేగంగా తరుగుతుంది. అప్పుడు చిన్నప్పుడు దాచుకున్నదే ఖర్చవుతుంది. దాచుకోనివ్వందే! మనవరాలికి తాడాట తాడు కొనిపెట్టండి. రోజుకి పది నిమిషాలు గెంతనివ్వండి, ముట్టు రోజుల్లో కూడా, ఒంట్లో బాగుంటే. ఎవరైనా "పెద్దపిల్లవి, ఏంటా గెంతులు" అంటే అమ్మమ్మే సమాధానం చెప్పాలి, ఇంకెవరు చెప్పినా ఇంట్లో చెల్లదు.

ప్రశ్నలుంటే కింద మాట్లాడుకుందాం, ఏడుకి హాలు తాళం వేస్తారట. కుర్చీలు ఆ మూల పేర్చాలి. ఎవరి కుర్చీ వాళ్ళే తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళు ఒకటే, రెండు ఒకేసారి వద్దు. నడుం వంచి కాదు, మోకాళ్ళు వంచి, కుర్చీ ఒంటికి దగ్గరగా పట్టుకోండి. బాబూ, నీలం చొక్కా, ఆవిడ చేతిలోది లాక్కోకు. దారి మాత్రం చూసుకో.